ఈ వ్యాధి ఎవరి పాపమూ కాదు

మన ఇళ్ళలోకి ఒక పెద్ద వ్యాధి అడుగుపెట్టినప్పుడు మందు కంటే ముందు ఒక ప్రశ్న వస్తుంది: ఇది ఎవరివల్ల వచ్చింది? జ్వరానికీ విరేచనాలకూ ఈ ప్రశ్న తలెత్తదు. దోమ కుట్టిందనో, నీళ్ళు బాగాలేవనో సరిపెట్టుకుంటాం. కాని పేరు తెలియని వ్యాధి, నెలల తరబడి తగ్గని వ్యాధి, అందులోనూ పెళ్ళీడు ఆడపిల్లకు వచ్చిన వ్యాధి అయితే ఆ ప్రశ్న ఇల్లంతా తిరుగుతుంది. ఎవరి నజర్ తగిలింది? ఎవరు చేతబడి చేయించారు? కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం తప్పు చేసింది? అందరినీ చుట్టి వచ్చి, చివరికి ఆ ప్రశ్న మంచం మీద ఉన్న రోగి దగ్గరే ఆగుతుంది. నేనేం పాపం చేశాను అని ఆ పిల్ల తనను తాను అడుగుకోవడం మొదలుపెడుతుంది.

అమ్రాబాద్‌లో పాతికేళ్ళకు పైగా మదర్సా పిల్లలకు చదువు చెబుతున్న నాకు ఈ ప్రశ్న సొంత చెల్లెలి నోట ఎదురైంది. ఆమె కూతురికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. మొదట ఉదయం పూట వేళ్ళ కణుపులు బిగుసుకుపోయేవి. రొట్టెల పిండి కలపడం కూడా కష్టమైంది. తరువాత జుట్టు రాలింది, నోట్లో పుండ్లు లేచాయి. పత్తి చేనులో ఒక పూట ఎండలో ఉండి వస్తే ముక్కుకు రెండు వైపులా చెంపల మీద ఎర్రటి దద్దు సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకునేది. ఊళ్ళో మందులిచ్చే ఒకాయన నొప్పి బిళ్ళలు ఇచ్చాడు. ఎవరో చెప్పగా తీసుకువెళ్ళిన ఒక ఆమిల్, ఇది నజర్ అని తేల్చి తావీజు కట్టాడు. అందుకు తగిన సొమ్మూ పుచ్చుకున్నాడు. అలా ఏడు నెలలు గడిచాయి. ఒక రాత్రి ఇషా తరువాత చెల్లెలు నా దగ్గర కూర్చుని, "భాయిజాన్, ఇది కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను కత్తిపీట ముట్టుకున్నాను. అందుకేనా నా బిడ్డకు ఇలా అయింది?" అని అడిగింది.

గ్రహణం సంగతి చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) గారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యునికి చీకటి కమ్మిందని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి మరణం వల్లగాని, ఎవరి పుట్టుక వల్లగాని గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ఈ సంగతి తెలిసిన ఇంట్లో కత్తిపీటకూ వ్యాధికీ లంకె పెట్టడం తగదు. చెల్లెలు తల ఊపింది. ఆ వెంటనే, "మరి దేనివల్ల వచ్చింది?" అన్నది. నేను చదువుకున్న గ్రంథాలలో ఆ రెండో ప్రశ్నకు సమాధానం లేదు. తెలియని విషయాన్ని తెలిసినవారిని అడగాలన్నదే మనకున్న ఆదేశం. కనుక అడగడానికి బయలుదేరాం.

మన్ననూరు మీదుగా శ్రీశైలం రహదారి పట్టుకుని హైదరాబాదుకు చేరి, ఒక పెద్ద ఆసుపత్రిలో కీళ్ళవ్యాధుల నిపుణురాలికి అమ్మాయిని చూపించాం. ఆమె కణుపులు నొక్కి చూసింది, నోరు తెరిపించి చూసింది, రక్తమూ మూత్రమూ పరీక్షలకు పంపింది. వ్యాధి పేరు లూపస్ అని తేలింది. ఇది ఆటోఇమ్యూన్ వ్యాధుల కోవకు చెందినది. అంటే, బయటి శత్రువుల నుండి శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరాన్నే శత్రువనుకుని దాడి చేస్తుంది. లూపస్ రోగులలో ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. చాలామందికి ఇది పదిహేను, నలభై అయిదేళ్ళ మధ్య వస్తుంది. పరీక్షల కాగితంలో 'యాంటీ ఎస్‌ఎమ్ పాజిటివ్' అని ఒక పంక్తి ఉంది. అదేమిటని అడిగాను. "కణంలో స్ప్లైసింగ్ అనే పని చేసే యంత్రం ఒకటుంది. మీ అమ్మాయి రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ యంత్రం భాగాలనే పట్టుకుంటున్నాయి" అన్నది డాక్టరమ్మ. బయట వరుసలో ఇంకా చాలామంది వేచి ఉన్నారు. అంతకంటే వివరంగా అడగడం న్యాయం కాదు. నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో జీవశాస్త్రం చదువుతున్నాడు. స్ప్లైసింగ్ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని వాడి దగ్గర కొన్ని ఆదివారాలు కూర్చున్నాను. నాకు అర్థమైనది నా భాషలో ఇక్కడ రాస్తున్నాను.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒక కేంద్రకం, అందులో జన్యువులు ఉంటాయి. ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు మనిషిలో సుమారు 20,000. ప్రోటీన్లంటే కేవలం పప్పులో, మాంసంలో ఉండే పోషకం అని అనుకోకూడదు; శరీరంలో జరిగే ప్రతి పనీ చేసే కార్మికులు అవే. జన్యువు మూలప్రతి. అది కేంద్రకం దాటి బయటికి రాదు. దాని నుండి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీయబడుతుంది; ఆ నకలు బయటికి వెళ్ళి ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. నకలు మూలానికి ఆద్యంతం సరిపోలుతుందని 1977 వరకు శాస్త్రజ్ఞులు అనుకునేవారు. ఆ ఏడాది రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ అనే ఇద్దరు, వేర్వేరు ప్రయోగశాలల్లో, అడినోవైరస్ అనే వైరస్‌ను పరిశీలిస్తూ ఒక వింత గమనించారు. జన్యువులో పనికివచ్చే ముక్కల నడుమ, ప్రోటీన్‌లోకి చేరని పొడవాటి భాగాలు ఉన్నాయి. పనికివచ్చే ముక్కలను ఎక్సాన్లు అంటారు. నడుమ ఉన్నవాటిని ఇంట్రాన్లు అంటారు. మొదట తీసిన నకలులో రెండూ ఉంటాయి. తరువాత ఇంట్రాన్లను కత్తిరించి పారవేసి, ఎక్సాన్లను వరుసగా అతికే పని జరుగుతుంది. అదే స్ప్లైసింగ్. ఈ పరిశోధనకు ఆ ఇద్దరికీ 1993లో నోబెల్ బహుమతి లభించింది.

ఖుర్ఆన్ పారాయణం నేర్చిన పిల్లలకు ఈ సంగతి అర్థం చేయించడం కష్టం కాదు. మన దేశంలో అచ్చయ్యే ముస్‌హఫ్‌లలో పంక్తుల పైన చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. 'మీమ్' ఉన్నచోట తప్పక ఆగాలి. 'లా' ఉన్నచోట ఆగకూడదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలిపి చదవాలో తెలియని పిల్లవాడు అక్షరాలన్నీ సరిగానే పలికి కూడా అర్థాన్ని తలకిందులు చేయగలడు. సూరె నిసాలో మత్తులో ఉండగా నమాజు దరికి పోరాదని చెప్పే వాక్యాన్ని మధ్యలో ఆపితే ఏమవుతుందో మదర్సాలో చదివిన ప్రతివాడికీ తెలుసు. ఆర్‌ఎన్‌ఏలో కూడా అటువంటి గుర్తులు ఉన్నాయి. దాదాపు ప్రతి ఇంట్రాన్ 'జీ, యూ' అనే రెండు అక్షరాలతో మొదలై 'ఏ, జీ' అనే రెండు అక్షరాలతో ముగుస్తుంది. కోసే యంత్రం ఆ గుర్తులను చూసి కోస్తుంది. ఈ పోలిక ఇంతవరకే. అల్లాహ్ గ్రంథంలో మార్పుకు తావులేదు. అక్కడ పొరపాటు పడేది చదివేవాడు మాత్రమే. కణంలో అయితే చదివే యంత్రమూ పొరపడవచ్చు, గుర్తుగా ఉన్న అక్షరమూ మారిపోవచ్చు.

ఇంకొక విషయం ఉంది. కణం ప్రతిసారీ అన్ని ఎక్సాన్లనూ అతకదు. అవసరాన్ని బట్టి ఒక ఎక్సాన్‌ను ఉంచుతుంది, మరొక దానిని వదిలేస్తుంది. అలా ఒకే జన్యువు నుండి వేర్వేరు పనులు చేసే ప్రోటీన్లు వస్తాయి. మనిషి జన్యువులలో నూటికి తొంభైకి పైగా ఇలా ఒకటికంటే ఎక్కువ రూపాల్లో చదవబడతాయి. ఇది సృష్టికర్త ఏర్పరచిన పొదుపు. అయితే ఏ ముక్క ఉండాలి, ఏ ముక్క పోవాలి అన్న నిర్ణయంలో తేడా వస్తే, తయారైన ప్రోటీన్ చూడటానికి అదే అయినా చేసే పని మారిపోతుంది.

ఇక రోగనిరోధక వ్యవస్థ దగ్గరికి వద్దాం. ఛాతీ ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంది. టి కణాలు అనే రక్షకులకు అదే మదర్సా. శరీరంలోని సొంత ప్రోటీన్ల నమూనాలను అక్కడ వాటికి చూపిస్తారు. సొంతవాటి మీద ఎగబడే కణాలను అక్కడే తొలగిస్తారు లేదా అదుపులో పెడతారు. చదువు పూర్తి అయినవి మాత్రమే బయటికి వస్తాయి. ఆ బడిలో చూపించే నమూనాయే అసంపూర్ణమైతే? మెదడులోని నరాల మీద కవచంలా ఉండే ఒక ప్రోటీన్ విషయంలో సరిగ్గా ఇదే జరుగుతుందని 2000లో ఎలుకలపై జరిపిన పరిశోధన తేల్చింది. మెదడులో ఆ ప్రోటీన్ పూర్తి రూపంలో ఉంటుంది. థైమస్‌లో మాత్రం స్ప్లైసింగ్ వల్ల ఒక భాగం తగ్గిన పొట్టి రూపం ఎక్కువగా తయారవుతుంది. తగ్గిన ఆ భాగాన్ని టి కణాలు బడిలో ఎన్నడూ చూడలేదు. కనుక దానిని పరాయిదిగా భావించే కణాలు తప్పించుకుని బయటికి వస్తాయి. తరువాత అవి నరాల కవచం మీద దాడి చేయగలవు. దాయాదిని పరిచయం చేయకుండా పెంచిన పిల్లవాడు, అతడు ఇంటి గుమ్మంలోకి వస్తే దొంగ అనుకుని కర్ర ఎత్తినట్టు ఉంటుంది.

మనుషుల్లో కూడా ఇటువంటి ఉదాహరణలు దొరికాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధి ఆటోఇమ్యూన్ కోవలోనిదే. టి కణాల పైన ఇంటర్‌ల్యూకిన్-7 అనే సందేశాన్ని అందుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది. దాని జన్యువులో ఆరవ ఎక్సాన్ ఆ గ్రాహకాన్ని కణం పొరకు కట్టి ఉంచే లంగరు. ఆ ఎక్సాన్‌లోని ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల, స్ప్లైసింగ్‌లో ఆ ముక్క ఎక్కువసార్లు వదిలివేయబడుతుంది. లంగరు లేని గ్రాహకం రక్తంలో తేలుతూ తిరుగుతుంది. ఆ అక్షరం ఉన్నవారికి ఈ వ్యాధి ముప్పు కొంత ఎక్కువని 2007లో వెల్లడైంది. లూపస్‌కు సంబంధించి 1994లో మరొక సంగతి బయటపడింది. పని ముగిసిన రక్షక కణాలకు ఇక చాలించు అని ఆజ్ఞ అందించే ఫాస్ అనే ప్రోటీన్ ఉంది. స్ప్లైసింగ్‌లో దాని లంగరు ముక్క కూడా వదిలివేయబడితే, అది కణం నుండి విడివడి ఆజ్ఞను మధ్యలోనే పట్టేస్తుంది. అటువంటి విడి ఫాస్ లూపస్ రోగుల రక్తంలో ఎక్కువగా కనబడింది. సీటీఎల్ఏ-4 అనే మరొక ప్రోటీన్ రోగనిరోధక వ్యవస్థకు పగ్గం వంటిది. దాని ఒక స్ప్లైసింగ్ రూపం తక్కువగా తయారవడానికీ, కొన్ని థైరాయిడ్ వ్యాధులకూ, చిన్న వయసులో వచ్చే టైప్-1 మధుమేహానికీ సంబంధం ఉందని 2003లో తెలిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవేవీ ఒంటరిగా వ్యాధిని తెచ్చేవి కావు. ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకంలోని ఆ అక్షరం కోట్లాది ఆరోగ్యవంతులలో కూడా ఉంది. వారిలో చాలామందికి ఆ వ్యాధి ఎన్నటికీ రాదు. లూపస్ వెనుక అనేక జన్యువుల చిన్నచిన్న తేడాలు, స్త్రీలలోని హార్మోన్లు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, కొన్ని వైరస్‌లు, ఇలా ఎన్నో కలిసి ఉంటాయి. స్ప్లైసింగ్ పొరపాటు ఆ గొలుసులో ఒక కొలికి. అయితే ఆ కొలికిని చూసినప్పుడు నాకు ఒక విషయం స్పష్టమైంది. కంటికి కనబడని కేంద్రకంలో, ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా, ఎవరి నడవడికతోనూ సంబంధం లేకుండా జరిగే కత్తిరింపు అది. అక్కడ తల్లి దోషానికిగాని, కూతురి దోషానికిగాని చోటు లేదు.

డాక్టరమ్మ చెప్పిన 'యాంటీ ఎస్‌ఎమ్' కథ దీనికి మరో వైపు. ఎస్‌ఎమ్ అన్నది 1960 దశకంలో అమెరికాలో చికిత్స పొందిన ఒక లూపస్ రోగి ఇంటిపేరులోని అక్షరాలు. ఆమె రక్తంలోని ప్రతిరక్షకాలు కణ కేంద్రకంలోని ఏదో పదార్థాన్ని పట్టుకుంటున్నాయని వైద్యులు గుర్తించారు. ఆ పదార్థం ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. 1979లో యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, ఆమె విద్యార్థి మైకేల్ లెర్నర్ లూపస్ రోగుల రక్తరసాన్నే గాలంగా వేసి దానిని బయటికి లాగారు. అవి చిన్న ఆర్‌ఎన్‌ఏలూ ప్రోటీన్లూ కలిసిన ముద్దలు. స్ప్లైసింగ్ చేసే యంత్రం భాగాలు ఇవే కావచ్చునని మరుసటి ఏడాది వారు సూచించారు. తరువాత అది నిజమని రుజువైంది. అంటే, జీవశాస్త్రంలోని ఒక గొప్ప రహస్యానికి తాళంచెవి రోగుల రక్తంలోనే దొరికింది. ఈ ప్రతిరక్షకం లూపస్ ఉన్న ప్రతివారిలోనూ ఉండదు. కాని అది కనబడితే లూపస్ అనడానికి చాలా గట్టి సూచన. మా మేనకోడలికి ఈ సంగతి చెప్పినప్పుడు, "అయితే మామూ, నా జబ్బు వాళ్ళకు పనికొచ్చిందన్నమాట" అని నెలల తరువాత మొదటిసారి నవ్వింది.

ఈ పరిశోధన అమెరికాకే పరిమితం కాదు. స్ప్లైసింగ్ వెలుగు చూసిన 1977లోనే హైదరాబాదులో సీసీఎంబీ ఏర్పడింది. కణ కేంద్రకంలో స్ప్లైసింగ్ పనిముట్లు చుక్కలు చుక్కలుగా ఒకచోట పోగుపడి ఉంటాయి. కేంద్రకానికి ఊతమిచ్చే లామిన్ అనే ప్రోటీన్ ఆ చుక్కల అమరికను నిలబెడుతుందని, అది చెదిరితే అవీ చెదురుతాయని అక్కడి శాస్త్రవేత్త వీణా పర్నాయిక్ బృందం 2002లో ప్రచురించింది. మన పిల్లలు బస్సులో ఉప్పల్ దారిన వెళుతూ చూసే ఆ గోడల వెనుక ఇటువంటి పని జరుగుతోందని ఎందరికి తెలుసు? మన మదర్సా పిల్లలలో ఒకరిద్దరైనా రేపు ఆ గోడల లోపల కూర్చోవాలని నా ఆశ.

నేను తిరిగి వచ్చి ఇదంతా చెప్పగా విని చెల్లెలు మరో ప్రశ్న వేసింది. "మాది మేనరికం కదా భాయిజాన్, దానివల్లనా?" ఇది మన ఇళ్ళలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. పసితనంలోనే కనబడే కొన్ని అరుదైన లూపస్ రకాలు ఉన్నాయి. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ చెడినప్పుడు అవి వస్తాయి. దగ్గరి రక్తసంబంధంలో వివాహాలు జరిగే కుటుంబాలలో వాటికి అవకాశం ఎక్కువ. కనుక ఒకే కుటుంబంలో పసిపిల్లలకు ఇటువంటి వ్యాధులు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, తరువాతి సంబంధం చూసేముందు వైద్యుల సలహా తీసుకోవడం వివేకం. కాని యుక్తవయసులో వచ్చే సాధారణ లూపస్ అటువంటిది కాదు. లూపస్ ఉన్నవారి రక్తసంబంధీకులలో అత్యధికులకు అది రాదు. ఈ మాట చెల్లెలికి చెప్పినప్పుడు ఆమె గుండెల మీది బరువు కొంత దిగింది.

చికిత్స సంగతి. అమ్మాయికి హైడ్రాక్సీక్లోరోక్విన్, కొద్ది మోతాదులో స్టెరాయిడ్, కీళ్ళ కోసం మెథోట్రెక్సేట్ రాశారు. ఈ చివరి మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1940 దశకంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే మందులను కూడా రూపొందించింది. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్. మొదట రక్తకేన్సర్ కోసం వాడిన ఈ రకం మందులు తరువాత తక్కువ మోతాదులో కీళ్ళవ్యాధులకు అక్కరకు వచ్చాయి. ఇప్పటికీ మెథోట్రెక్సేట్ వాడేవారికి దాని చెడు ఫలితాలు తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం బిళ్ళ కూడా ఇస్తారు. ఇక్కడ ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. కీళ్ళ కోసం ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. మా చెల్లెలు క్యాలెండరులో ప్రతి ఆదివారం మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టింది. చదువురాని తల్లికైనా ఆ గుర్తు చాలు.

ఒక ఏడాది బాగా గడిచింది. అంతలో పెళ్ళి సంబంధం వచ్చింది. దగ్గరి బంధువు ఒకామె, "మందుల సంచి వాళ్ళ కంటపడితే సంబంధం పోతుంది. ఇప్పుడు బాగానే ఉందిగా, మానేయించు" అని చెప్పింది. బిళ్ళలు ఆగిపోయాయి. మూడు నెలలు తిరగకముందే కాళ్ళు, ముఖం వాచాయి, మూత్రంలో నురగ కనబడింది. వ్యాధి మూత్రపిండాలను తాకింది. ఆసుపత్రిలో రెండు వారాలు ఉండవలసి వచ్చింది. మందులు మరింత బలమైనవి మార్చారు. అల్లాహ్ దయవల్ల మూత్రపిండాలు నిలిచాయి. లూపస్ శాంతించినట్టు కనబడినప్పుడు అది మందుల వల్ల శాంతించినదని మరువకూడదు. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడం మరీ ప్రమాదకరం. నెలల తరబడి వాడిన తరువాత శరీరం సొంతంగా ఆ హార్మోన్‌ను తయారుచేయడం తగ్గించుకుంటుంది.

దుఆ వద్దని నేను చెప్పడం లేదు. నా మేనకోడలి కోసం నేను చేసిన దుఆలు నా ప్రభువుకు తెలుసు. కాని చికిత్స చేయించుకోండని బోధించినవారు స్వయంగా మన ప్రవక్తే (సఅసం). మందు వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. దుఆ చేసే నోటితోనే బిళ్ళ కూడా మింగవచ్చు. తావీజు కట్టి మందు మాన్పించే వ్యక్తి ఆ బిడ్డ హక్కును కాలరాస్తున్నాడని నేను జుమా ప్రసంగంలో కూడా చెప్పాను.

రంజాన్ వచ్చినప్పుడు అమ్మాయి ఉపవాసాలు ఉంటానని పట్టుపట్టింది. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. తరువాత కోలుకున్నప్పుడు ఆ దినాలు పూర్తిచేయవచ్చు, కోలుకునే ఆశ లేని దీర్ఘరోగులు ఫిద్యా ఇవ్వవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్న సంవత్సరం డాక్టరమ్మ వద్దన్నది, మేమూ వద్దన్నాం. మరుసటి ఏడు పరీక్షలన్నీ బాగుండటంతో ఆమె అనుమతి ఇచ్చి, మందుల వేళలు సహరీకీ ఇఫ్తార్‌కూ సర్దింది. ఈ నిర్ణయం ప్రతి రోగికీ వేరు. పక్కింటి రోగిని చూసి చేయకూడదు.

పెళ్ళి విషయం కూడా రాయాలి. దాచి చేసిన పెళ్ళిలో మందు దాక్కుంటుంది, దాక్కున్న మందు ఆగిపోతుంది. మేము రెండో సంబంధం వారికి మొదటి రోజునే అంతా చెప్పాం. వారు డాక్టరమ్మను కలిసి అడిగారు. లూపస్ అంటువ్యాధి కాదు. లూపస్ ఉన్న స్త్రీలు తల్లులవుతున్నారు. అయితే వ్యాధి కనీసం ఆరు నెలలు శాంతించి ఉన్నాక, ముందుగా చెప్పి, మందులు మార్పించుకుని గర్భం ధరించాలి. మెథోట్రెక్సేట్ వంటి కొన్ని మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. ఈ సంగతులన్నీ విన్నాక ఆ అబ్బాయి తల్లి, "మా ఇంట్లో నాకు షుగరుంది, దాచుకున్నామా?" అన్నది. నిఖాహ్ నిరాడంబరంగా జరిగింది.

స్ప్లైసింగ్ పొరపాటును సరిదిద్దే మందులు కూడా వస్తున్నాయి. పసిపిల్లల కండరాలను బలహీనపరిచే ఒక వేరే వ్యాధికి, వదిలిపోతున్న ఎక్సాన్‌ను తిరిగి చేర్పించే మందును 2016లో అమెరికా ఆమోదించింది. లూపస్‌కు అటువంటి మందు ఇంకా రాలేదు. అంతవరకు ఉన్న మందులే మన చేతిలోని సాధనాలు. అవి క్రమం తప్పకుండా వాడితే చాలామంది చదువుకుంటున్నారు, పనిచేస్తున్నారు, పిల్లలను పెంచుతున్నారు.

కనుక మీ ఇంట్లో యువతికి పొద్దున కణుపుల బిగువు వారాల తరబడి ఉంటే, ఎండ తగలగానే చెంపలు ఎర్రబడుతుంటే, నోటిపూత మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ముఖమూ కాళ్ళూ వాస్తుంటే, ఎవరి నజర్ అని వెతకకండి. రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రి నుండి హైదరాబాదుకు, నిమ్స్ వంటి చోట ఉన్న కీళ్ళవ్యాధుల విభాగానికి పంపమని అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మీ వ్యాధికి వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను విచారించండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు డాక్టరు చెప్పిన గడువులో కంటి పరీక్ష మానకండి. ఎండకు గొడుగు పట్టండి. మన అమ్మాయిల ఓణీ, బుర్ఖా ఈ విషయంలో కొంత మేలే చేస్తాయి, ముఖానికి మాత్రం డాక్టరు చెప్పిన లేపనం అవసరం. ఆ బిడ్డ ఎప్పుడైనా నేనేం పాపం చేశానని అడిగితే, ఏమీ చేయలేదమ్మా అని వెంటనే, గట్టిగా చెప్పండి. ఆ తరువాత మందు వేళ అయిందేమో చూడండి.